పాత అమెరికన్ రైలు పెట్టెల రంగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా రైల్‌రోడ్‌ల పాత పెట్టెలకు ఏ రంగులుండేవి అని మోడల్స్ చేసుకునేవాళ్లు అడుగుతారు, పాత ఫొటోలకు రంగులద్దేవాళ్లు అడుగుతారు, ఏ షెడ్డులోనో పడి ఉన్న పెట్టెను బాగుచేద్దామనుకునేవాళ్లు అడుగుతారు. ముగ్గురినీ నేను తిరిగి అడిగేది ఒకటే: ఏ కంపెనీ, ఏ ఏడాది, రంగు వేసి అప్పటికి ఎన్నాళ్లయింది? ఈ మూడూ తెలియకపోతే దుకాణంలో ఏ పెయింట్ డబ్బా కొన్నా అది లాటరీయే.

గూడ్స్ పెట్టెలన్నీ అదే ఎర్రమట్టి రంగులో ఎందుకుండేవి?

చవక కాబట్టి. చవకగా దొరికే రంగుల్లో ఎండకీ వానకీ బాగా నిలబడేది అదే కాబట్టి. జేగురు అంటామే, సరుకు అదే, ఐరన్ ఆక్సైడ్. భూమిలోంచి తవ్వి, కాల్చి, మెత్తగా నూరి, అవిసె నూనెలో కలిపితే పెయింట్ సిద్ధం. పెన్సిల్వేనియాలో లీహై నది దగ్గర తవ్విన ఖనిజంతో చేసిన ప్రిన్సెస్ మెటాలిక్ లాంటి పొడులు 19వ శతాబ్దం రెండో సగంలో బాగా అమ్ముడుపోయాయి. పొలాల దగ్గర గడ్డి కొట్టాలకు వేసిందీ ఈ రకం ఎరుపే.

లెక్క ఒకసారి చూడండి. పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌కి ఒక దశలో 2 లక్షలకు పైగా గూడ్స్ పెట్టెలుండేవి. అన్నిటికీ రంగు వేయాలంటే గ్యాలన్‌కి కొన్ని సెంట్ల తేడా కూడా చివరికి తడిసి మోపెడవుతుంది. పైగా గూడ్స్ పెట్టె సొంత కంపెనీ పట్టాల మీద ఉండేది కొంతకాలమే, మిగతా కాలమంతా ఎవరెవరి లైన్లలోనో తిరుగుతుంటుంది, దాన్ని ముస్తాబు చేసి చూపించాల్సింది ఎవరికి?

ఇంకో కారణం కూడా ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఐరన్ ఆక్సైడ్ పలచటి పొరతోనే కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది, దానికదిగా వెలిసిపోదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపి పెయింట్‌లోని నూనెను కూడా కొంత కాపాడుతుంది. అదే ధరలో పచ్చగానీ నీలంగానీ అన్నాళ్లు నిలబడేది కాదు.

అయితే బాక్స్‌కార్ రెడ్ అని రాసి ఉన్న డబ్బా కొనేస్తే సరిపోతుందా?

సరిపోదు. బాక్స్‌కార్ అంటే పైకప్పుతో అన్ని వైపులా మూసి ఉండే గూడ్స్ పెట్టె; ఆ పెట్టె పేరుతో అమ్మేది ఒక సగటు రంగు, అంతే. ఖనిజం ఎక్కడి నుంచి వచ్చింది, ఎంత వేడిలో కాల్చారు, అందులో ఇంకేం కలిసింది అన్నదాన్నిబట్టి అది నారింజ వైపు పోవచ్చు, చాక్లెట్ వైపు పోవచ్చు, వంకాయ రంగు ఛాయ కూడా రావచ్చు. శాంటా ఫే తన రంగుని మినరల్ బ్రౌన్ అంది, గ్రేట్ నార్తర్న్ మినరల్ రెడ్ అంది, పెన్సిల్వేనియా అయితే ఏకంగా ఫ్రైట్ కార్ కలర్ అని రాసుకుని ఊరుకుంది. ఒకే కంపెనీలో కూడా ఇరవై ఏళ్ల తేడాతో వేసిన రెండు పెట్టెలు పక్కపక్కన పెడితే వేర్వేరు రంగుల్లా కనిపిస్తాయి.

నాకు నచ్చే పద్ధతి ఏంటంటే, ఒక గూడ్స్ రైలు మొత్తం చేస్తుంటే ఒకే డబ్బాతో అన్నీ వేయకూడదు. నాలుగైదు ఎరుపులు కలిపి పెట్టుకోండి. పాత యార్డుల కలర్ ఫొటోల్లో కనిపించేది సరిగ్గా ఆ గందరగోళమే.

డ్రిఫ్ట్ కార్డ్ అంటే ఏంటి? అది దొరికితే అసలు రంగు దొరికినట్టేనా?

రైల్‌రోడ్ కంపెనీ తన ప్రామాణిక రంగుని చిన్న అట్ట ముక్క మీద పూసి పెయింట్ తయారీదారులకు పంపేది, ‘మీరు పంపే సరుకు దీనికి సరిపోలాలి’ అని. అదే డ్రిఫ్ట్ కార్డ్. యూనియన్ పసిఫిక్, సదరన్ పసిఫిక్ కంపెనీలు హారిమన్ అనే రైల్‌రోడ్ పెట్టుబడిదారు చేతిలో ఉన్న రోజుల్లో పెట్టెల డిజైన్ల దగ్గర్నుంచి పెయింట్ల దాకా కామన్ స్టాండర్డ్ అనే పద్ధతి పెట్టుకున్నాయి. పెన్సిల్వేనియా కార్డులు కూడా సేకర్తల దగ్గర ఉన్నాయి.

కార్డు దొరికితే అదృష్టమే, కానీ కళ్లు మూసుకుని నమ్మకండి. వందేళ్లుగా కవరులో చీకట్లో ఉన్న నూనె పెయింట్ పసుపెక్కుతుంది. వెలుతురులో గోడకి వేలాడదీసి ఉంటే పాలిపోయి ఉంటుంది. పైగా ఆ కార్డు చెప్పేది కంపెనీ కోరుకున్న రంగు గురించి. యార్డులో పెయింటర్ బ్రష్షుకి ఏం అంటిందో దానికి తెలియదు. ఇన్ని అన్నాక కూడా, ఫొటో, జ్ఞాపకం, కార్డు మూడూ పోట్లాడుకుంటే నేను కార్డు వైపే ఉంటాను.

మొదట్లో ప్యాసింజర్ పెట్టెలు ఏ రంగులో ఉండేవి?

ఒక్క రంగని లేదు. అంతర్యుద్ధానికి ముందు పెట్టెలు కట్టినవాళ్లలో చాలామంది గుర్రపు బగ్గీలు కట్టే వృత్తిలోంచి వచ్చినవాళ్లు, వాళ్ల అలవాట్లే ఇక్కడికీ వచ్చాయి. లేత పసుపు, గడ్డి రంగు, మీగడ రంగు, ఎరుపు, పచ్చ, వాటి మీద సన్నటి గీతలు, చుట్లు, బంగారు రేకుతో అక్షరాలు, డబ్బున్న కంపెనీ అయితే పెట్టె పక్కన చిన్న ప్రకృతి దృశ్యం కూడా. పసుపు చాలాకాలం బాగా నడిచింది. తర్వాత రైళ్లు పెరిగి, బొగ్గు వాడకం పెరిగి, మసి పెరిగాక లేత రంగులు కడగలేక చచ్చేవాళ్లు. 1880ల నుంచి మెల్లగా ముదురు ఎరుపులూ గోధుమలూ ముదురు పచ్చలూ పైచేయి అయ్యాయి.

ఒక చెక్క ప్యాసింజర్ పెట్టెకు రంగు వేయడానికి నిజంగా వారాలు పట్టేదా?

పట్టేది, అందులో అతిశయోక్తి ఏమీ లేదు. ముందు సీసపు తెలుపు కలిపిన నూనెతో ప్రైమర్. అది ఆరాక మేకు గుంటలకూ పగుళ్లకూ లప్పం. ఆ పైన రఫ్ స్టఫ్ అనే గరుకు పూత, ఒకటి కాదు, వరసగా రెండు మూడు, ఒక్కోదాన్నీ ఆరబెట్టుకుంటూ. అన్నీ గట్టిపడ్డాక మనుషులు ప్యూమిస్ రాయీ నీళ్లూ పట్టుకుని పెట్టె పొడవునా రుద్దేవాళ్లు. కిటికీల మధ్య ఉండే సన్నటి చెక్కల దగ్గర చేయి పట్టదు, అక్కడ చిన్న చిన్న రాతి ముక్కలతో రుద్దాలి. అరచేత్తో తడిమితే చెక్క నరం తగలకూడదు, అప్పుడే అసలు రంగు పడేది. ఆ రంగు కూడా మెరుపు లేకుండా, పలచగా, రెండు కోట్లు. దాని మీద గీతలు, అక్షరాలు, బంగారు రేకు. చివరికి వార్నిష్ రెండు మూడు పూతలు, ఒక్కో పూత మధ్య రోజుల తరబడి విరామం, దుమ్ము పడకుండా తలుపులు మూసేసి, నేల మీద నీళ్లు చల్లి.

రంగు అర్థం కావాలంటే ఆ చివరి వార్నిషే ముఖ్యం. అప్పటి వార్నిష్ తేనె రంగులో ఉండేది, ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా ముదిరేది. నీలం మీద పడితే పచ్చలా కనిపించేది, తెలుపు మీద పడితే మీగడలా, మెరూన్ మీద పడితే మాత్రం ఇంకాస్త నిండుగా. అందుకే ముదురు ఎరుపు వేసిన కంపెనీ వాళ్లకి తలనొప్పి తక్కువ.

1920లలో నైట్రోసెల్యులోజ్ లాకర్లు, స్ప్రే గన్‌లు, 1930లలో సింథటిక్ ఎనామెల్స్ వచ్చాక ఈ వారాల పని రోజుల్లోకి వచ్చింది. పెట్టె షెడ్డులో ఊరికే నిలబడిన ప్రతి రోజూ నష్టమే కాబట్టి, పాత పద్ధతి మీద ప్రేమతో ఏ కంపెనీ ఆగలేదు.

పుల్‌మన్ గ్రీన్ పచ్చా, నలుపా?

పచ్చే, కానీ మీరు ఊహించుకునే పచ్చ కాదు. చాలా ముదురు ఆలివ్, గోధుమ వైపు వాలి ఉంటుంది. నీడలో నిలబడితే నల్లగానే కనిపిస్తుంది, పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడు మాత్రం పచ్చదనం బయటపడుతుంది.

పుల్‌మన్ కంపెనీ స్లీపర్లు, అంటే పడుకుని ప్రయాణించే పెట్టెలు, 19వ శతాబ్దం చివర్లో ముదురు గోధుమ రంగులో తిరిగాయి, 1900 ప్రాంతంలో ఈ ఆలివ్ వచ్చింది. 1910 తర్వాత ఉక్కు పెట్టెలు వేలల్లో దిగాయి, దేశమంతా ఒకే రంగు. ఇందులో తెలివి ఏంటంటే, పుల్‌మన్ పెట్టె ఈ వారం ఒక కంపెనీ రైలుకి, వచ్చే వారం ఇంకో కంపెనీ రైలుకి తగిలిస్తారు. అన్నీ ఒకే రంగులో ఉంటే ఎక్కడ తగిలించినా సరిపోతుంది. రైల్‌రోడ్‌లు కూడా తమ సొంత కోచ్‌లకూ బ్యాగేజ్ పెట్టెలకూ దానికి దగ్గరి పచ్చనే వేసుకున్నాయి, రైలు మొత్తం ఒకేలా కనిపించాలని. మసి పడినా తెలియదు, అదో లాభం.

మోడల్‌కి వేసేటప్పుడు డబ్బాలోంచి తీసింది తీసినట్టు వేయకండి, గదిలో లైటు కింద బొగ్గులా కనిపిస్తుంది. కొంచెం లేతరంగు కలపండి.

మరి టస్కన్ రెడ్? అది కూడా జేగురేనా?

పునాది అదే, ఐరన్ ఆక్సైడే, దానికి ఖరీదైన మరో ఎర్ర రంగు కలిపి లోతు తెప్పిస్తారు. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ ప్యాసింజర్ పెట్టెలకు అది దశాబ్దాల పాటు గుర్తింపు. 1938లో ఇండస్ట్రియల్ డిజైనర్ రేమండ్ లోయీ ఆ కంపెనీ కొత్త రైళ్లకు రూపం ఇచ్చినప్పుడు కూడా రెండు ఛాయల టస్కన్‌తోనే పని కానిచ్చాడు. 1968 ఫిబ్రవరి 1న న్యూయార్క్ సెంట్రల్‌తో కలిసి పెన్ సెంట్రల్ అయ్యేదాకా ఆ ఎరుపు వదల్లేదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, పైన కలిపే ఆ ఎర్ర రంగు ఎండకి ముందు పోతుంది, కింది ఐరన్ ఆక్సైడ్ మిగులుతుంది. కాబట్టి పాతబడిన టస్కన్ రెడ్ మామూలు గోధుమ ఎరుపులా కనిపిస్తుంది. షెడ్డులో దొరికిన పెచ్చు చూసి ‘ఇదే టస్కన్’ అని కలర్ మ్యాచ్ చేయించేవాళ్లు సాధారణంగా ఇక్కడే దెబ్బతింటారు.

అందరూ ముదురు రంగులే వేశారా? ధైర్యం చేసినవాళ్లు లేరా?

ఉన్నారు. 1891లో న్యూయార్క్ అండ్ న్యూ ఇంగ్లండ్ రైల్‌రోడ్ బోస్టన్, న్యూయార్క్ మధ్య తెల్లటి రైలు నడిపింది, బంగారు అక్షరాలతో. రాత్రిపూట వెళ్తుంటే జనం దాన్ని దెయ్యపు రైలు అన్నారు. బొగ్గు ఇంజిన్ వెనక తెల్ల పెట్టెలు! వాటిని కడిగినవాళ్ల పేర్లు ఎక్కడా రాయలేదుగానీ రాయాల్సింది. 1895లో ఆ సర్వీసు ఆగిపోయింది.

బాల్టిమోర్ అండ్ ఒహాయో 1890లో రాయల్ బ్లూ రైలుని ముదురు నీలంలో దించింది, శాక్సనీ బ్లూ అని గొప్పగా చెప్పుకుంది. మిల్వాకీ రోడ్ నారింజ, మెరూన్ కలిపి దశాబ్దాలు నడిపింది. ఆ జంట రంగులంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, అందుకే 1955లో యూనియన్ పసిఫిక్ వాళ్ల ‘సిటీ ఆఫ్ ...’ అనే పేర్లున్న దూరప్రయాణ రైళ్లను చికాగో దాకా నడిపే పని చేతికొచ్చాక వాళ్లు దాన్ని వదిలేసి యూనియన్ పసిఫిక్ పసుపు వేసుకోవడం ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

యూనియన్ పసిఫిక్ పసుపు ఎప్పుడు మొదలైంది?

1934లో, ఎం-10000 అనే అల్యూమినియం రైలుతో. పసుపు, దానికి గోధుమ రంగు జత. దూరం నుంచి కనిపిస్తే క్రాసింగ్‌ల దగ్గర ప్రమాదాలు తగ్గుతాయన్నది అప్పుడు చెప్పిన కారణం. వేగంగా వచ్చే రైలుకి అది సబబైన కారణమే. కానీ ఆర్థిక మాంద్యంలో జనం టికెట్లు కొనాలంటే పత్రికల్లో ఫొటో పడాలి, రైలు కొత్తగా కనిపించాలి అన్న సంగతి కూడా వాళ్లకి తెలియనిది కాదు.

అదే ఏడాది బర్లింగ్‌టన్ వాళ్ల జెఫిర్ వచ్చింది, బడ్ కంపెనీ కట్టిన స్టెయిన్‌లెస్ స్టీల్ రైలు. దానికి రంగే అక్కర్లేదు. ఈ రెండు రైళ్ల తర్వాత రంగుల సంగతి పూర్తిగా మారిపోయింది: 1937లో సదరన్ పసిఫిక్ డేలైట్ ఎరుపు, నారింజ, నలుపు, 1938లో న్యూయార్క్ సెంట్రల్ ట్వెంటియెత్ సెంచరీ లిమిటెడ్‌కి హెన్రీ డ్రేఫస్ ఇచ్చిన బూడిద ఛాయలు, 1947లో గ్రేట్ నార్తర్న్ ఎంపైర్ బిల్డర్‌కి నారింజ, ముదురు పచ్చ. అదే గ్రేట్ నార్తర్న్ 1967లో బిగ్ స్కై బ్లూకి మారింది.

కొన్ని కంపెనీలు చేసిన ఒక తమాషా పని చెప్పాలి. కొత్త స్టెయిన్‌లెస్ పెట్టెల మధ్య పాత బరువు పెట్టెను తగిలించాల్సి వస్తే, దానికి వెండి రంగు వేసి, నున్నటి పక్కల మీద పొడవునా సన్నటి నీడ గీతలు గీసేవాళ్లు, దూరం నుంచి ముడతల స్టీలులా కనిపించాలని. ఫొటోల్లో చూస్తే చాలాసార్లు మోసపోతాం. రివెట్లు కనిపిస్తే దొంగ దొరికినట్టే.

పసుపు, నారింజ రంగు గూడ్స్ పెట్టెలు కూడా చూశాను. అవేంటి?

ఐస్ పెట్టి పళ్లూ మాంసం తీసుకెళ్లే రిఫ్రిజిరేటర్ పెట్టెలు. లోపల తిండి సరుకు కాబట్టి శుభ్రంగా కనిపించాలి, లేత రంగు వేడిని కూడా కొంత తిప్పికొడుతుంది. యూనియన్ పసిఫిక్, సదరన్ పసిఫిక్ కలిసి నడిపిన పసిఫిక్ ఫ్రూట్ ఎక్స్‌ప్రెస్ పెట్టెలు మొదట పసుపు, 1920ల చివరి నుంచి నారింజ. ఇది పక్కలకు మాత్రమే. పైకప్పులూ రెండు చివరలూ చాలా కంపెనీల్లో జేగురు లేదా నలుపే, ఎందుకంటే అక్కడ మసి ఎలాగూ పడుతుంది, కొనుగోలుదారు ఎలాగూ చూడడు.

పెట్టెల మీద సాస్, బీరు, మాంసం ప్రకటనలు నిజంగా ఉండేవా?

నిజంగానే, పక్క మొత్తం నిండేలా, రకరకాల రంగుల్లో. పెట్టెలు లీజుకిచ్చే కంపెనీలు సరుకు కంపెనీ పేరు మీద పెట్టెను అలంకరించి ఇచ్చేవి. దీనివల్ల ఆ సరుకు కంపెనీకి దేశమంతా ఉచిత ప్రచారం దొరికింది, అది దొడ్డిదారి రాయితీయే అని పోటీదారులు గొడవ చేశారు. తన పేరు రాసుకున్న పెట్టె ఇంకొకడి సరుకు మోయడానికి పనికిరాక ఖాళీగా తిరిగి రావడం ఇంకో గొడవ, ఒకడి బీరు పేరున్న పెట్టెలో ఇంకొకడు తన బీరు ఎందుకు పంపుతాడు? 1934లో రైల్‌రోడ్‌లను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ దీన్ని ఆపమంది, 1937కల్లా పాతవి కూడా పట్టాల మీదనుంచి పోవాలని గడువు పెట్టింది.

అందుకే 1950ల నాటి మోడల్ రైల్లో రంగురంగుల బిల్‌బోర్డ్ పెట్టె కనిపిస్తే కాలం తప్పినట్టే. బొమ్మ బాగుంటుంది, కాదనను. కానీ ఆ ఏడాదికి అది చెల్లదు.

ట్యాంకర్లు నలుపు, సిమెంట్ పెట్టెలు బూడిద రంగు. దీనికి లెక్క ఉందా?

ఉంది, సరుకే లెక్క. ముడి చమురు ఒలికే ట్యాంకర్‌కీ బొగ్గు మోసే హాపర్‌కీ (సరుకుని అడుగు నుంచి కిందికి వదిలే పెట్టె) నలుపైతే మరక తెలియదు. సిమెంట్ దుమ్ము పడే మూత హాపర్‌కి లేత బూడిద. వేడెక్కితే ఒత్తిడి పెరిగే ద్రవ వాయువుల ట్యాంకర్‌కి తెలుపు.

కబూస్ ఎప్పుడూ ఎరుపేనా?

చాలావరకు, కానీ ఎప్పుడూ కాదు. రైలు చివర సిబ్బంది ఉండే పెట్టె కాబట్టి వెనక వచ్చే రైలుకి కనిపించాలి, అందుకని గూడ్స్ పెట్టెలకంటే ప్రకాశవంతమైన ఎరుపు చాలామంది వేశారు. కొందరు మామూలు గూడ్స్ ఎరుపుతోనే సరిపెట్టారు. యూనియన్ పసిఫిక్ తర్వాత పసుపుకి మారింది. 1980లలో రైలు చివర ఎలక్ట్రానిక్ పరికరం వచ్చి కబూస్‌నే తీసేశాక ఈ చర్చకి తెరపడింది.

నలుపు తెలుపు ఫొటో చూసి రంగు చెప్పొచ్చా?

చెప్పలేం, చెప్పబోతే తప్పే ఎక్కువ. 19వ శతాబ్దపు గాజు ప్లేట్లు దాదాపు నీలి కాంతికే స్పందించేవి. వాటిలో పసుపు పెట్టె దాదాపు నల్లగా వస్తుంది, నీలం పెట్టె తెల్లగా వస్తుంది, ఎరుపు బొగ్గులా. తర్వాతి ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము పసుపునీ పచ్చనీ బాగానే పట్టింది, ఎరుపు మాత్రం అప్పటికీ చీకటే. అన్ని రంగులకూ స్పందించే పాన్‌క్రొమాటిక్ ఫిల్ము 1920ల తర్వాతే విరివిగా వాడకంలోకి వచ్చింది. అప్పుడు కూడా కెమెరా ముందు పసుపు ఫిల్టర్ ఉందో ఎర్ర ఫిల్టర్ ఉందో మనకి తెలియదు.

ఫొటోతో ఉపయోగం వేరే ఉంది: ఒకే ఫొటోలో రెండు పెట్టెలు వేర్వేరు ఛాయల్లో ఉన్నాయా, తలుపు రంగూ పక్క రంగూ ఒకటేనా, కిటికీ చట్రాలు వేరుగా ఉన్నాయా, గీతలు ఎక్కడున్నాయి. వీటికి ఫొటో మంచి సాక్షి. ఏ రంగు అన్నదానికి మాత్రం కాదు. ఇప్పుడు కంప్యూటర్ ఆటోమేటిక్‌గా రంగులద్దిన ఫొటోలు తెగ తిరుగుతున్నాయి, వాటిని సాక్ష్యంగా పట్టుకొచ్చేవాళ్లతో వాదించే ఓపిక నాకు పోయింది.

కలర్ ఫొటోలైతే నమ్మొచ్చు కదా?

కొంతవరకు. కోడాక్రోమ్ స్లైడ్ ఫిల్ము 1936లో వచ్చింది, చీకట్లో భద్రంగా ఉంచితే రంగు బాగా నిలుపుకుంటుంది. జాక్ డిలానో 1942, 1943లలో ప్రభుత్వం కోసం చికాగో యార్డుల్లోనూ శాంటా ఫే లైను వెంబడీ తీసిన రంగు ఫొటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఈ విషయంలో ఆసక్తి ఉన్నవాళ్లు ముందు చూడాల్సినవి అవే. చికాగో అండ్ నార్త్ వెస్టర్న్ యార్డుని పైనుంచి తీసినవి చూడండి: వందల పెట్టెలు, అన్నీ ఎరుపే, ఏ రెండూ ఒకటి కాదు.

అయినా పొద్దున ఎండ, సాయంత్రం ఎండ, మబ్బు, ఎక్స్‌పోజర్, స్కానర్, మీ స్క్రీను, ఇన్నీ మధ్యలో ఉన్నాయి. వేరే కంపెనీల తొలితరం కలర్ ఫిల్ములు కొన్ని ఎర్రబారిపోయాయి కూడా.

పెట్టె నా ముందే ఉంది. పాత పొరల్లోంచి అసలు రంగు ఎలా బయటికి తీయాలి?

ముందు వెలుతురు తగలని చోటు వెతకండి. కిటికీ బీడింగ్ వెనక, తర్వాత బిగించిన బోర్డు కింద, పట్టీల కింద, మెట్ల లోపలి అంచున. అక్కడ చిన్న గుంటలా ఏటవాలుగా నెమ్మదిగా తడి ఎమ్రీ పేపర్‌తో రుద్దితే పొరలన్నీ ఒకదాని చుట్టూ ఒకటి వలయాల్లా కనిపిస్తాయి. పైనుంచి కిందికి లెక్కపెట్టి రాసుకోండి.

అడుగున కనిపించిందే మొదటి రంగు అనుకుంటే మునిగిపోతారు. అడుగున ఉండేది ప్రైమర్, దాని పైన రఫ్ స్టఫ్, రెండూ బూడిద రంగులో గానీ మట్టి రంగులో గానీ ఉంటాయి. అసలు రంగు దాని పైన, చాలా పలచగా, ఒక్కోసారి కంటికి ఆననంత. ల్యాబ్‌లో పెచ్చుని అడ్డంగా కోసి మైక్రోస్కోప్ కింద, అతినీలలోహిత కాంతిలో చూస్తారు. పాత సహజ వార్నిష్ ఆ కాంతిలో మెరుస్తుంది, కాబట్టి ఎక్కడ వార్నిష్ పొర ఉందో అక్కడ ఒక రంగు పని పూర్తయినట్టు. దాని కిందున్నది ఆనాడు జనం చూసిన రంగు.

చీకట్లో ఉన్న నూనె పెయింట్ పసుపెక్కుతుందని చెప్పాను కదా, అందుకే బయటపెట్టిన ముక్కను కొన్ని రోజులు వెలుతురులో ఉంచి ఆ తర్వాతే మన్‌సెల్ చార్టుతో (రంగుల్ని నంబర్లతో గుర్తించే ప్రామాణిక పట్టిక) పోల్చండి, పగటి వెలుతురులోనే.

ఇంకోటి, ఇది తేలిగ్గా తీసుకోవద్దు: ఆ పొరల్లో సీసం ఉంటుంది, క్రోమ్ పసుపులో సీసంతోపాటు క్రోమియం కూడా. అమెరికాలో ఇళ్లకు వేసే పెయింట్‌లో సీసం నిషేధించిందే 1978లో. పొడిగా రుద్దకండి, మంట పెట్టి ఊడదీయకండి, సరైన మాస్కు లేకుండా మొదలుపెట్టకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఇలా పరీక్ష చేసి నిజంగా తేల్చినవి ఉన్నాయా?

లింకన్ అంత్యక్రియల పెట్టె. 1865లో ఆయన భౌతికకాయాన్ని స్ప్రింగ్‌ఫీల్డ్‌కి మోసిన ఆ పెట్టె 1911లో మిన్నెసోటాలో మంటల్లో కాలిపోయింది. ఉన్నవి నలుపు తెలుపు ఫొటోలే. నమూనా పెట్టె కట్టాలనుకున్నప్పుడు ఏ రంగు వేయాలన్నదే పెద్ద టెన్షన్ అయింది. చివరికి ఒకరింట్లో ఉండిపోయిన కిటికీ చట్రం ముక్క మీది పెయింట్‌ని ఒక రసాయన శాస్త్రవేత్త పరీక్షించి, అది ముదురు మెరూన్ అని తేల్చాడు, 2013లో ఆ సంగతి వార్తల్లోకి వచ్చింది. 150 ఏళ్ల వివాదం ఒక చెక్క పేడుతో తెగిపోయింది.

మ్యూజియంలో పెట్టెలు తళతళలాడుతుంటాయి. అప్పుడూ అలాగే ఉండేవా?

ప్యాసింజర్ పెట్టె షెడ్డులోంచి బయటికొచ్చిన రోజున అలాగే. గూడ్స్ పెట్టెలు ఏనాడూ కాదు. నూనె పెయింట్ కొన్నాళ్లకే మెరుపు పోగొట్టుకుని సుద్దలా పొడి రాలుతుంది. తెల్ల అక్షరాలు వేసిన సీసపు తెలుపు కూడా అంతే, వానకి కరిగినట్టుగా కిందికి తెల్లటి చారలు కారతాయి, పాత ఫొటోల్లో దగ్గరగా చూస్తే ప్రతి అక్షరం కిందా ఉంటాయి. చక్రాల వైపు బ్రేకు దుమ్ము, పైకప్పు మీద మసి.

దగ్గరగా చూడాల్సిన ఇంకో చోటు పెట్టె పక్కన కుడివైపో ఎడమవైపో రాసుండే బరువు లెక్క. ఖాళీ పెట్టెను కొన్నేళ్లకోసారి మళ్లీ తూచి కొత్త బరువు, నెల, ఏడాది స్టెన్సిల్‌తో వేసేవాళ్లు. పాత అంకె మీద ఒక చారెడు కొత్త రంగు పూసి దానిమీద కొత్త అంకె. ఆ చిన్న పలక మాత్రం కొత్తగా ముదురుగా, చుట్టూ పెట్టె అంతా వెలిసిపోయి. ఫొటో ఏ ఏడాదికి ముందుది కాదో తేల్చడానికి ఆ అంకెకి మించింది లేదు, దాన్ని భూతద్దంతో చూడకుండా తేదీ చెప్పేవాళ్లను నమ్మను.

గూడ్స్ పెట్టెలకు రంగుల పిచ్చి ఎప్పుడు పట్టింది?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, లారీలు సరుకు లాక్కుపోవడం మొదలయ్యాక. న్యూయార్క్ సెంట్రల్ 1946లో పేస్‌మేకర్ అనే వేగవంతమైన సర్వీసుకి ఎరుపు, బూడిద రంగుల బాక్స్‌కార్లు దించింది. మిస్సోరి పసిఫిక్ నీలం, బూడిద. బ్యాంగర్ అండ్ అరూస్టుక్ అయితే మెయిన్ రాష్ట్రపు బంగాళాదుంపల కోసం ఎరుపు, తెలుపు, నీలం మూడు అడ్డపట్టీలతో స్టేట్ ఆఫ్ మెయిన్ పెట్టెలు నడిపింది, అంత అందమైన బాక్స్‌కార్ ఇంకోటి లేదంటాను.

1970లలో పెట్టెల కొరత తీర్చడానికి అద్దె లాభసాటిగా ఉండేలా నిబంధనలు మార్చేసరికి పది మైళ్ల లైను కూడా లేని చిన్న కంపెనీల పేర్లతో కొత్త బాక్స్‌కార్లు పుట్టుకొచ్చాయి, ఆకాశనీలం, పచ్చ, నారింజ, ఏది పడితే అది. 1974లో వచ్చిన, రైల్‌రోడ్‌లు ఉమ్మడిగా వాడుకున్న రైల్‌బాక్స్ పసుపు పెట్టెలు అందరికీ తెలిసినవే.

కంపెనీలు విలీనమైతే వెంటనే రంగు మార్చేస్తారా?

ఎక్కడి వెంటనే! డబ్బులు దండగ. మూతపడిన కంపెనీ పేరుతో పెట్టె ఇరవై ఏళ్లు తిరగడం మామూలే, నంబరు దగ్గర మాత్రం చిన్న పలక పూసి కొత్త కంపెనీ అక్షరాలు వేస్తారు. 1971లో దేశవ్యాప్త ప్యాసింజర్ రైళ్ల సంస్థ ఆమ్‌ట్రాక్ మొదలైనప్పుడు కూడా ఇదే జరిగింది, వేర్వేరు కంపెనీల నుంచి వచ్చిన పెట్టెలు వాటి పాత రంగుల్లోనే కలిసి ఒకే రైలుగా కొన్నేళ్లు నడిచాయి.

ఇప్పటి గూడ్స్ పెట్టెల పక్కన పసుపు, తెలుపు స్టిక్కర్లు మెరుస్తుంటాయి. పాత మోడల్‌కి అవి పెట్టాలా?

వద్దు. అవి రాత్రిపూట క్రాసింగ్‌ల దగ్గర కార్ల లైట్లకు మెరవడానికి పెట్టినవి, 2005లో ఫెడరల్ నిబంధన వచ్చింది, పెట్టెలన్నిటికీ అతికించడానికి పదేళ్ల గడువిచ్చారు. మీ రైలు అంతకు ముందుదైతే స్టిక్కర్లు ప్యాకెట్‌లోనే ఉంచేయండి.